తవుడు లారీ ఫోటోలు

త్రిపురారం దేవమ్మది పెద్ద నోరు అనేవాళ్లను చాలామందిని చూశాను. అలా అన్నవాళ్లంతా ఆ నోటి వల్ల బాగుపడ్డవాళ్లే. అందుకే నాకు వాళ్లంటే ఒళ్లుమంట.

మిర్యాలగూడ పక్కన ఒక రైస్ మిల్లులో దేవమ్మ, మరో పదిమంది ఆడవాళ్లు తవుడు బస్తాలకెత్తుతారు. పని సాయంత్రం ఐదింటి వరకే. కానీ తవుడు లారీ ఆరింటికి వచ్చేది, బస్తాలతో అది నిండేసరికి ఎనిమిది దాటేది. నాలుగు నెలలు ఆ మూడు గంటలకు సేటు పైసా ఇవ్వలేదు. అడిగితే పని మానేయమన్నాడు. దేవమ్మ లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టింది. పని పోతుందన్న భయంతో మిగతావాళ్లెవరూ వెంట రాలేదు.

విచారణ రోజు సేటు సూపర్‌వైజర్ భాస్కర్‌ను వెంటబెట్టుకుని రిజిస్టరు తెచ్చాడు. అందరూ ఐదింటికే వెళ్లినట్టు అందులో వేలిముద్రలున్నాయి. దేవమ్మ ఫోన్ తీసింది. భాస్కర్ తన పనితనం సేటుకు తెలియాలని, రోజూ నిండిన లారీ ముందు ఆడవాళ్లను నిలబెట్టి ఫోటో తీసి దేవమ్మ కూడా ఉన్న మిల్లు వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. ఫోటో మీద తేదీ, టైము అచ్చుపడే యాప్ అతనిది.

"ఇవి నువ్వు తీసినవేనా?" ఆఫీసర్ అడిగాడు.

"నేనే సార్. ఒక్కరోజు కూడా తప్పలే!" భాస్కర్ ఛాతీ విరుచుకున్నాడు.

సేటు అతన్ని కొరకొరా చూశాడు. తర్వాత దేవమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నీ పైసలు ఇప్పుడే ఇస్త. కేసు వాపస్ తీస్కో."

కూతురి నర్సింగ్ ఫీజుకు వారమే గడువుంది. అయినా దేవమ్మ తడుముకోలేదు.

"గీ ఫోటోల నేనొక్కదాన్నే ఉన్ననా సేటూ? పదకొండు మందిమి. ఇస్తే అందరికీ ఇయ్యి."

ఆఫీసర్ ఉత్తర్వుతో పదకొండు మందికీ ఓవర్‌టైమ్ రెట్టింపు లెక్కన వచ్చింది. నాకైతే పండగ చేసుకోవాలనిపించింది.

మరుసటి సోమవారం లారీ మళ్లీ ఆలస్యం. ఐదు దాటాక భాస్కర్ ఆగమన్నాడు. దేవమ్మ ఇంకా చేట కింద పెట్టనేలేదు. లేబర్ ఆఫీసు పేరెత్తితేనే వణికిన బాలమ్మ అతని ముందుకొచ్చి నిలబడింది.

"ఉంటం. ముందు గంటలు బుక్కుల రాయి, భాస్కరూ."