గుండ్రటి కిటికీలో గుత్తి వంకాయ

ముప్పై ఏళ్లుగా నాకు తిండి పెడుతున్నవి బొమ్మలే. అవి కూర్చునే చోటు మాత్రం నేను అద్దె ఇళ్లు మారినన్నిసార్లు మారింది. మొదట దిల్‌సుఖ్‌నగర్ గోడల మీద కోచింగ్ సెంటర్ల ప్రకటనలు. పరుగెత్తే బస్సులోంచి చూసేవాడికి అర క్షణంలో అర్థం కావాలి గనక ఒక్కో విద్యార్థి ముక్కు నా చెయ్యంత పొడుగు గీసేవాణ్ని. తర్వాత వారపత్రికల కథలకు బొమ్మలు. ఆ కాగితం ఇంకును దాహంతో తాగేసేది. నేను సన్నగా దిద్దిన కనుబొమలు అచ్చయ్యేసరికి గొంగళిపురుగులయ్యేవి. ఆ కనుబొమలతో ఎందరు కథానాయికలు విరహం అనుభవించారో! ఆపై ఫ్లెక్సీలొచ్చాయి. వాటి నిండా నాలుగొందల ముఖాలు, నా బొమ్మకు చోటెక్కడ?

ఇంత అనుభవశాలిని కదా, ఎల్‌బీ నగర్‌లో మా వీధి చివర కర్రీ పాయింట్ నడిపే నల్గొండ అక్క వచ్చి, "అన్నా, వాట్సాప్‌ల నా ఫొటో కాడ ఒక మంచి బొమ్మ ఎయ్యరాదూ" అంటే నవ్వొచ్చింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఎదురుగా కొత్తగా ఏసీ కర్రీ పాయింట్ తెరిచారు మరి.

"మధ్యాహ్నం దాటినా గిన్నెలు సగం నిండే ఉంటున్నయి. గిట్లనే ఇంకో నెల నడిస్తే షట్టర్ దించుడే" అంది.

మూడు రోజులు తపస్సు చేశాను. రాజదర్బారంత వంటగది, హిమాలయాలంత ఆవిరి, కుడి పైమూలన చిరునవ్వుతో అక్క, ఆవిడ చేతిలోంచి బొమ్మ మధ్యదాకా చాచిన గరిటె. కరివేపాకుకు ఈనెలు సైతం వేశాను.

ఫొటో పెట్టిన పది నిమిషాలకే ఫోను.

"ఏందన్నా గిది? నా తలకాయ ఏడ పాయె?"

నలుచదరంగా వేసిన నా కళాఖండాన్ని వాట్సాప్ అప్పడంలా గుండ్రంగా కోసేసింది. మూలలతోపాటు అక్క తలా పోయింది. మిగిలింది గరిటె పట్టిన ఒంటి చెయ్యి, చుట్టూ పొగ.

"మా మరిది అడుగుతుండు, దుకాణం కాలిపోయిందా వదినా అని. ఇంకొకామె, ఎవర్ని కొడుతున్నవని మెసేజ్ పెట్టింది!"

"అది ఆవిరక్కా" అన్నాను నీరసంగా.

"గింతంత ఫోన్ల నీ ఆవిరి ఎవనికి గావాలె? ఇయ్యాల ఏం కూరనో తెలిస్తే చాలు."

మర్నాటి నుంచి కొత్త పద్ధతి. పొద్దున పదింటికి అక్క కూర పేరు చెబుతుంది, నేను ఆ ఒక్క కూరగాయే గీస్తాను. మొదటి రోజు గుత్తి వంకాయ: గుండ్రానికి సరిగ్గా సరిపడే బొద్దు ఒళ్లు, నాలుగు గాట్లలోంచి తొంగిచూసే మసాలా. నలుగురు పాత ఖాతాదార్లు ఏసీ చల్లదనాన్ని వదిలేసి వచ్చారు. బెండకాయ రోజున ఏడుగురు.

కాకరకాయ దగ్గర చిక్కొచ్చింది. ఎంత ముద్దుగా గీసినా మొసలిపిల్లే! మాది గుంటూరు వైపు, మా ఇంట కాకరకాయంటే బెల్లం పడాల్సిందే. అందుకని బెల్లం ముక్కను కౌగిలించుకుని నవ్వుతున్న కాకరకాయను గీసి పంపాను.

పన్నెండింటికి వెళ్లి చూద్దును కదా, దుకాణం ముందు కోస్తా వైపు వాళ్లంతా బారులు తీరారు. అతిశయోక్తి కాదు, వరస మీర్‌పేట్ దాకా ఉంది. మహా అయితే పదిమంది తక్కువ.

"బెల్లం కాకరకాయ చేశారటగా అమ్మా! బొమ్మ చూసి మా ఆవిడ తరిమింది. రెండు ప్యాకెట్లు ఇవ్వండి" అన్నారు ముందున్న పెద్దాయన.

అక్క గుడ్లురిమి నా వైపు తిరిగింది. "కాకరకాయల నేను బెల్లం ఎప్పుడేసిన్నన్నా?"

నేను గోడ మీది బల్లిని పరిశీలిస్తూ నిలబడ్డాను.

ఒక్క క్షణం వరసను తేరిపార చూసింది. "రెండు నిమిషాలు నిలవడుండ్రి సార్, వేడివేడిగ ఇస్త" అని లోపలికెళ్లి, బెల్లం దంచి కూరలో కలిపి, మళ్లీ పొయ్యి మీద పెట్టింది. ఒంటిగంటకల్లా గిన్నె అడుగు కనిపించింది.

ఖాళీ గిన్నె బోర్లిస్తూ అంది: "రేపటి సంది నన్ను అడగకన్నా. నువ్వే ఏదో ఒకటి గియ్యి, నేను గదే వండుత."