తిప్పని గుప్పెడు

నా చిన్నప్పుడు మా ఊరి నేల చూసినంత మేరా బల్లపరుపుగా ఉండేది. పత్తి చేను దాటితే మిరప చేను, మిరప చేను దాటితే మళ్లీ పత్తి. కొండ అంటే మంగళగిరి తిరునాళ్లకు వెళ్లినప్పుడు చూసిన కొండే. నీళ్లంటే కాలవ నీళ్లే. అలాంటి ఊరి నుంచి పదేళ్ల పిల్లగా, ఒక వేసవి సెలవుల్లో, మా నాయనమ్మ వెంట అండమాన్ దీవులకు ఓడెక్కాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు అరికాళ్లలో చక్కిలిగింతలు పుడతాయి.

మా మేనత్త భర్త అక్కడ అటవీ శాఖలో పనిచేసేవాడు. అత్తయ్య పుట్టింటి ముఖం చూసి మూడేళ్లయింది. ఆ ఏడు కాయలు అమ్మేశాక నాయనమ్మ "అది రాకపోతే నేనే పోతా, సముద్రం నన్నేం తింటుందా" అని తేల్చేసింది. తోడుగా నన్ను తీసుకుంది. సామానుగా ఒక ట్రంకు పెట్టె, దాని కంటే పెద్దదైన ఎండు మిరపకాయల మూట. ఆ దీవుల్లో మనుషులు కారం లేకుండా బతుకుతున్నారని ఆమెకు గట్టి అనుమానం. మిరపకాయల విషయంలో మా ఊళ్లో ఆమె మాటకు ఎదురు లేదు. కళ్లంలో కూర్చుంటే పండక ముందే తెల్లబారి ఎండిన తాలు కాయను చూడకుండానే, చేతికి తగిలిన బరువును బట్టి ఏరి పారేసేది.

ఓడలో రెండో రోజు పొద్దున చేపలు ఎగరడం చూశాను. నీళ్లలోంచి లేచి, రెక్కలు చాచి, పిచ్చుకల గుంపులా సాగి మళ్లీ నీళ్లలో పడ్డాయి. నేను అరిచిన అరుపుకు నాయనమ్మ చేతిలోని కాఫీ ఒలికింది. నాలుగో రోజు దీవి కనిపించింది. కొండలు, ఆ కొండల మీద నీళ్ల అంచు వరకూ దిగివచ్చిన అడవి. ఆకుపచ్చ రంగులో అన్ని రకాలుంటాయని నాకు అప్పటి దాకా తెలియదు.

పోర్ట్ బ్లెయిర్ బజారులో ఒకే దుకాణం ముందు నాలుగు భాషలు వినిపించేవి. పెద్ద జైలు చూశాం. ఒక్కొక్క మనిషిని ఒక్కొక్క గదిలో, పక్క గదివాడి ముఖం కూడా కనిపించకుండా పెట్టేవారని మామయ్య చెబితే నాయనమ్మ ఆ గోడ మీద చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. ఎదురుగా ఉన్న చిన్న దీవిలో దొరలు కట్టుకున్న మేడలను మర్రి ఊడలు నమిలేశాయి. గోడలు పోయి ఊడలే గోడలయ్యాయి. వాటి మధ్య జింకలు మేకల్లా తిరుగుతున్నాయి. వాటిని చూస్తూ ఆ రోజు నేను లేత కొబ్బరి ఎంత తిన్నానో నాకే తెలియదు.

ఇవన్నీ ఒక ఎత్తు, మరునాటి ప్రయాణం ఒక ఎత్తు. మామయ్య వాళ్ల లాంచీ నెలకు ఒకసారి దూరంగా ఉన్న ఒక దీవికి వెళ్లేది. అక్కడ మనుషులుండరు. దారిలో మడ అడవి, మొసళ్లు. నీటి అడుగున పగడాలు. అడుగున అద్దం బిగించిన చెక్క పెట్టెను నీటి మీద పెట్టి అందులోకి తొంగి చూస్తే సముద్రం లోపలంతా కనిపిస్తుందట. వచ్చిన రోజు నుంచీ మామయ్య ఆ పెట్టె గురించే చెబుతున్నాడు. లాంచీ తెల్లవారగానే బయలుదేరుతుంది. మా తిరుగు ఓడ ఆ తర్వాత నాలుగు రోజులకే. అంటే ఈసారి తప్పితే నాకు ఆ పెట్టె లేదు, ఆ సముద్రం లేదు.

సాయంత్రం ఇంటికి రాగానే నేను వాంతి చేసుకున్నాను. కొబ్బరంతా బయటికి వచ్చేసింది. వెంటనే హాయిగా ఉంది కూడా. కానీ నాయనమ్మ వినలేదు. "ఓడలో ఆ జనమంతా పిల్ల జడను చూసి నోళ్లు తెరిచారే. దిష్టి కాక ఇంకేంటి?" అంది.

అత్తయ్య వాళ్లది కొండవాలు మీద చెక్క ఇల్లు. నిప్పు లోపల వద్దని బొగ్గుల కుంపటి ఎప్పుడూ సముద్రం వైపు వరండాలోనే ఉండేది. నాయనమ్మ తన మూటలోంచి గుప్పెడు కాయలు తీసి, రాళ్లుప్పు కలిపి, నన్ను వరండాలో కూర్చోబెట్టి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ నా చుట్టూ మూడుసార్లు తిప్పి కుంపట్లో వేసింది. మా వైపు ఈ ఆచారానికి ఒక పరీక్ష ఉంది. కాయలు కాలి ఘాటు వచ్చి అందరూ దగ్గితే దిష్టి లేనట్టు. ఘాటు రాకపోతే తగిలినట్టు. ఎంత తక్కువ ఘాటు వస్తే అంత పెద్ద దిష్టి.

కాయలు చిటపటలాడాయి. నల్లగా మాడాయి. మాలో ఒక్కరికీ ముక్కు కూడా మండలేదు. కొండ కింద, పక్కింట్లో ఎవరో దగ్గుతున్నారు. ఆ దగ్గు నాకు స్పష్టంగా వినిపించింది. విని ఊరుకున్నాను.

నాయనమ్మ ముఖం పాలిపోయింది. "చూశావా, ఒక్కరైనా దగ్గారా? ఇంత దిష్టి నేను పుట్టి ఎరగను. రేపు ఈ పిల్ల గడప దాటడానికి వీల్లేదు. నీళ్ల మీదికి అసలే వద్దు" అంది. నేను ఏడుపు లంకించుకున్నాను. అత్తయ్య వాళ్లమ్మకు ఎదురు చెప్పే రకం కాదు. నేను మామయ్య వైపు చూశాను. చదువుకున్నవాడు, ఇదంతా ఉత్తదే అని ఒక్క మాట అంటాడని.

ఆయన అనలేదు. కుంపట్లోకి తొంగి చూసి, నింపాదిగా, "దిష్టో ఏమో గానీ అత్తయ్యగారూ, ఈ ఏడు మీ కాయలో పస లేదనుకుంటా. తాలు కలిసిందేమో" అన్నాడు.

మా నాయనమ్మను ముసలిదన్నా ఊరుకునేది, మొండిదన్నా నవ్వేది. ఆమె మూటలో తాలు కాయ ఉందనడం అంటే ఆమె బతుకంతటినీ తాలు అనడమే.

"ఏంటీ? అల్లుడుగారూ, ఏమన్నారు? ఒక్క కాయ, ఒక్కటంటే ఒక్క తాలు కాయ చూపించండి, మూట మొత్తం సముద్రంలో పారేస్తా!"

"అబ్బే, అలా అని కాదండీ. ఉప్పుగాలికి మెత్తబడ్డాయేమో..."

"మెత్తబడ్డాయా! ఏయ్ అమ్మాయ్, ఆ మూట ఇటు తే!"

అత్తయ్య తెచ్చింది. నాయనమ్మ ఇంకో గుప్పెడు తీసింది. ఈసారి ఎవరికీ తిప్పలేదు. ఉప్పు లేదు, మంత్రం లేదు. కోపంగా కుంపట్లోకి విసిరి, "ఇప్పుడు దగ్గకపోతే చూడండి" అని అల్లుడి ముఖం ముందు చెయ్యి ఊపింది.

ఎవరూ దగ్గలేదు.

ఆమె ఊపిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. ఎవరికీ తిప్పని కాయలు. వాటికి ఏ దిష్టీ లేదు. అవి కూడా ఘాటు లేకుండా మాడిపోయాయి. సరిగ్గా అప్పుడే కొండ కింది ఇంట్లోంచి మళ్లీ దగ్గు మొదలైంది. ఇద్దరు ముగ్గురు కలిసి దగ్గుతున్నారు. ఒకావిడ బయటికి వచ్చి, మాకు రాని భాషలో మా వైపు చూసి తిట్టింది. ఏ భాషైనా తిట్టు తిట్టే.

నాయనమ్మ తల తిప్పి ఆ ఇంటిని చూసింది. ఎగురుతున్న తన పైట చెంగును చూసింది. వంగి కుంపట్లోంచి చిటికెడు బూడిద తీసి, కళ్లంలో తూర్పార పట్టే ముందు గాలివాలు చూసుకున్నట్టు, చెయ్యెత్తి వదిలింది. బూడిద కిందికి రాలలేదు. సూటిగా పక్కింటి వైపు కొట్టుకుపోయింది.

"ఓసి నా బుద్ధి మండా!" అంది.

ఇక ఆమెను ఆపడం ఎవరి తరం కాలేదు. కుంపటిని సిమెంటు గచ్చున్న వంటింట్లోకి మోయించి, కిటికీ మూసి, తలుపు మూసి, మూడో గుప్పెడు వేసింది. రెండు నిమిషాల్లో తలుపు భళ్లున తెరుచుకుంది. నాయనమ్మ, వెనకే అత్తయ్య, వాళ్ల వెనక ఎర్రటి మేఘంలా ఘాటు. మామయ్య దగ్గుతూ మెట్ల మీద కూలబడ్డాడు. నాకు కళ్లు, ముక్కు ఏకమయ్యాయి. ఆ దగ్గుల మధ్య నాయనమ్మ ఒక్కతే, కన్నీళ్లు కారుతుండగా, విజయగర్వంతో అడిగింది: "ఇప్పుడు చెప్పండి అల్లుడుగారూ, తాలా?"

"సన్నాలే అత్తయ్యగారూ, అసలు సిసలు గుంటూరు సన్నాలు" అని ఆయన రెండు చేతులూ జోడించాడు.

"మరి నేను రేపు?" అన్నాను.

నాయనమ్మ పైట చెంగుతో నా ముక్కు తుడిచి, "కొబ్బరి ముక్కకు ఆశపడి తిన్నావు, కక్కావు. దానికి దిష్టెందుకు, నీ కక్కుర్తి బుద్ధి చాలదూ? పెందలాడే పడుకో" అంది.

మరునాడు నేను చూసినవి చెప్పాలంటే ఇప్పటికీ మాటలు తోసుకుంటూ వస్తాయి. మడ చెట్లు వేళ్ల మీద నిలబడి నీళ్లలో నడుస్తున్నట్టున్నాయి. ఎండిన దుంగ అనుకున్నది నోరు తెరిచింది. అది మొసలి! తెల్ల పొట్ట గద్ద ఒకటి మా లాంచీ ముందు నుంచే చేపను ఎత్తుకుపోయింది. ఇసుకలో ఏరుకున్న శంఖం నా అరచేతిలో లేచి నడిచింది. లోపల కాళ్లు ముడుచుకున్న పీత ఉంది. ఆ అద్దం పెట్టెలో ముఖం పెట్టాను. కొమ్ములు తిరిగిన పగడాల తోట, వాటి మధ్య నారింజ రంగు చారల చేపలు, మా పెట్టె కిందుగా తీరిగ్గా ఈదుకుంటూ పోయిన తాబేలు. నాయనమ్మ నా తల పక్కకు నెట్టి తానూ చూసింది. తర్వాత, "మన కళ్లం కన్నా పెద్దది కదే" అంది. ఆమె దగ్గర అంతకు మించిన పొగడ్త లేదు.

తిరుగు దారిలో మామయ్యను చాటుగా అడిగాను, నిన్న గాలి సంగతి ఆయనకు ముందే తెలుసా అని. ఆయన నవ్వి, "గాలి అని నేను చెబితే మీ నాయనమ్మ వింటుందా? కాయను ఒక మాట అంటే తనే చూసుకుంటుంది" అన్నాడు.

తర్వాత నేను పెద్దదాన్నయి, సభల్లో మాట్లాడాను, పత్రికల్లో రాశాను. తాయెత్తుల మీద, ముహూర్తాల మీద, మనిషిని మనిషి తాకితే మైలపడతాడనే నీచపు మాట మీద గొంతు చించుకున్నాను. ఎవరైనా "మేం ఇలా చేశాం, అలా అయింది" అంటే నా ప్రశ్న ఒకటే: తిప్పని గుప్పెడు కూడా వేసి చూశారా? అది చెయ్యకపోయినా అలాగే అవుతుందేమో చూసుకున్నారా? అయితే మామయ్య విద్య మాత్రం నాకు అబ్బలేదు. ఎదుటి మనిషికి బాగా తెలిసిన చోట వేలు పెట్టి, మిగిలింది అతనికే వదిలేసే ఓపిక నాకు లేదు. నేను ఓడించినవాళ్లు చాలామంది. మారినవాళ్లు ఎందరో చెప్పలేను. నాయనమ్మను ఆ సాయంత్రం ఎవరూ ఓడించలేదు. తన తప్పును తన చేత్తోనే, తన బూడిదతోనే పట్టుకుంది. ఆ తర్వాత కూడా పిల్లలకు దిష్టి తీసేది. కానీ దాన్ని చూపి ఏ పిల్ల ప్రయాణమూ మళ్లీ ఆపలేదు.

అందుకే ఈ వయసులో, నా వాదన నాకే మరీ ముద్దొచ్చినప్పుడు, గదిలో ఒక్కరూ కాదనకుండా తలలూపుతున్నప్పుడు, నేను ఒక్క క్షణం మాట ఆపేస్తాను. కొండ కింది ఇంట్లో ఎవరైనా దగ్గుతున్నారేమోనని చెవి ఒగ్గి వింటాను.