ఇస్త్రీవాడి చెయ్యి

ఇస్త్రీపెట్టె ఎత్తిన ప్రతిసారీ అతను చూపుడువేలు నాలుకకు తాకించి, పెట్టె అడుగున ఒక్క చరుపు చరుస్తాడు. చుయ్‌మన్న చప్పుడును బట్టే ఏ బట్టకు పనికొచ్చే వేడో తెలిసిపోతుంది. ఇరవై ఏళ్లలో ఒక్క చొక్కా మాడలేదు.

ఆ రోజు నాలుగేళ్ల కూతురికి ఒళ్లు వెచ్చబడింది. ఇంట్లో దాన్ని పిట్ట అంటారు. భార్య పార్సిళ్ల గిడ్డంగిలో చేరి నాలుగు రోజులే అయింది. మొదటి నెలలో సెలవు పెడితే ఇక రానక్కర్లేదని అక్కడ ముందే చెప్పారు.

"చూసుకోగలవా? లేకపోతే మానేస్తాను," అంది గడపలో నిలబడి.

"వేడి సంగతి నాకు చెబుతున్నావా? పొద్దస్తమానం దాంతోనే కాపురం నాకు!"

"ఒళ్లు కాలితే డాక్టరిచ్చిన మందు ఒక మూత పట్టు. మర్చిపోకు."

ముందుగదే దుకాణం. బట్టల మూటల పక్కన పిట్టను పడుకోబెట్టాడు. రెండు చొక్కాలకోసారి నుదుటిమీద చెయ్యి వేశాడు. చల్లగానే ఉంది. మళ్లీ వేశాడు. చల్లగానే ఉంది. అయినా మనసు ఒకచోట నిలవలేదు. ఒక కాలరుకు రెండు మడతలు పడ్డాయి.

"నాన్నా, చలి," అంది పిట్ట.

ఫ్యాను ఆపి దుప్పటి కప్పాడు.

మధ్యాహ్నం పక్కింటి పిన్ని దుప్పట్ల కోసం వచ్చింది. పిల్లను ముట్టుకుని ఉలిక్కిపడింది.

"ఏమయ్యా, ఇది పెనంలా కాలిపోతుంటే నువ్వు చొక్కాలు రుద్దుకుంటున్నావా?"

"చల్లగా ఉంది పిన్నీ, ఇప్పుడే చూశాను."

"ఏ చేత్తో?"

కుడిచెయ్యి చాపాడు. ఆవిడ పట్టుకుని, వెంటనే వదిలేసింది.

"ఇది చెయ్యా, పొయ్యిమీది మూతా? దీనికి లోకమంతా చల్లగానే ఉంటుంది!"

మందు పట్టాడు, తడిగుడ్డ వేశాడు. సాయంత్రానికి చెమట పట్టి జ్వరం దిగింది. పిట్ట బిస్కెట్టు అడిగింది.

భార్య వచ్చి అడిగితే "బాగానే ఉంది," అన్నాడు. అబద్ధం కాదు. కానీ అన్నం సహించలేదు. వీధిలో అడుగుల చప్పుడైతే చాలు, పిన్నేమోనని లేచి చూశాడు. సంగతి తెలిస్తే భార్య ఉద్యోగం మానేస్తుంది. తెలియకపోతే రేపు పిల్లను మళ్లీ ఈ చేతికే అప్పగించి వెళుతుంది.

మర్నాడు పొద్దున ఆమె చెప్పులు వేసుకుంటుంటే చెప్పేశాడు.

"నిన్నటి జ్వరం నాకు తెలియలేదు. పిన్ని చూసి చెప్పింది. నా చేతికి తెలియదు."

ఆమె వేసుకున్న చెప్పు విడిచేసింది.

అతను పిట్టను ఎత్తుకుని, తన చెంపను దాని నుదుటికి ఆనించి కాసేపు ఊపిరి బిగబట్టాడు.

"నులివెచ్చన. అంతే," అన్నాడు.

ఆమె తన చేత్తో చూసింది. తల ఊపింది.

అతను పిల్లను దించకుండానే వంగి, ఆ చెప్పును ఆమె పాదం ముందుకు జరిపాడు.