గౌరి కోసం అంబులెన్సు

డాక్టరును, నర్సును, అంబులెన్సు డ్రైవరును ఒకేసారి నవ్వులపాలు చేయడం అందరివల్లా అయ్యే పని కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నేను చేసి చూపించాను.

సుబేదారిలో మా ఆఫీసు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్ సోకకుండా ఆడపిల్లలకు టీకాలు వేస్తున్న రోజులవి. వేయించుకున్న పిల్లల ఇళ్లకు ఫోన్ చేసి, ఎలా ఉన్నారో కనుక్కోవడం నా పని. అందరూ "మంచిగనే ఉంది" అని పెట్టేసేవారు. ఒక్కరైనా కొత్త సంగతి చెప్పకపోతారా అని నాకు ఒకటే కుతూహలం.

కేసముద్రం దగ్గరి ఊళ్లో గౌరి అనే అమ్మాయి ఇంటికి చేస్తే వాళ్ల తాత ఎత్తాడు.

"తాతా, మీ గౌరికి టీకా ఏసిండ్రు గదా, ఎట్లుంది?"

"ఏసినకాంచి ఏం ముడుతలేదు బిడ్డా. ఒళ్లు కాలుతాంది."

నేను కుర్చీ అంచుకు జరిగాను. సూదికి భయపడిందా అని అడిగితే, నలుగురు పట్టుకున్నా ఆగలేదని, డాక్టరును తన్నిందని చెప్పాడు. సూదంటే హడలిపోయే పిల్లలు ఉంటారు కదా. మీరైనా అలాగే అనుకునేవారు, ఒప్పుకోండి.

"ఇప్పుడేం చేస్తాంది?"

"గుంజకు కట్టేసిన. ఇడిస్తే పక్కోళ్ల చేన్ల వడ్తది."

టీకా మెదడుకెక్కిందని, పిల్లను కట్టేశారని డాక్టరుగారి దగ్గరకు పరుగెత్తాను. కాసేపట్లో అందరం అంబులెన్సులో ఉన్నాం. ఇంటివాళ్లతో ఎంత మెల్లగా మాట్లాడాలో ఆయన దారంతా మాకు నేర్పాడు.

యూనిఫాంలో ఉన్న ఒక అమ్మాయి గేటు తీసింది. గౌరి ఎక్కడని అడిగాను.

"నేనే మేడం. ఇంట్ల చిన్ని అంటరు."

చెయ్యి ఒక పూట నొప్పి పుట్టిందట, అంతే. ఇంతలో పెరట్లోంచి తాత ఒక తెల్లావును తోలుకొచ్చాడు. అదీ గౌరే. ఆ వారమే ఊళ్లో పశువులకు గాలికుంటు రోగం రాకుండా టీకాలు వేశారు.

తాత నవ్వలేదు. ఆయన కళ్లు చెమర్చాయి. "ఆవుకు సుస్తయితే గింత పెద్ద బండి పంపుతాండ్రా సారూ" అంటూ డాక్టరుగారికి మంచం వాల్చాడు.

చిన్ని మమ్మల్నీ ఆవునూ మార్చి మార్చి చూసి అడిగింది. "సార్, నాకేసిన టీకా, దానికేసిన టీకా ఒకటేనా?"

"కాదు బిడ్డా," అన్నాడాయన నావైపు చూస్తూ. "ఈ మేడం లెక్కలనే ఒకటి."

ఆ ఆవు ముందే ప్రమాణం చేశాను. కాళ్లు రెండో నాలుగో తేల్చుకోకుండా ఈ జన్మలో ఏ పేషెంటుకూ అంబులెన్సు పిలవను.