మిరపకాయల రోడ్డు మీద బస్సు

మా ఊరికి పర్చూరు నుంచి పొద్దునొకసారి, సాయంత్రమొకసారి బస్సు వచ్చేది. తుఫాను వానకు వాగు దగ్గర రోడ్డు కోసుకుపోయింది, మిగతాదంతా గుంతలు పడింది, బస్సు ఆపేశారు. ఆడవాళ్లకు టికెట్టు తీసేశారని మేమంతా సంబరపడి ఎన్నాళ్లో కాలేదు. మా ఆయన పేపరు చదువుతూ, "ఆడవాళ్లకి మంచి రోజులొచ్చాయే" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "బస్సే లేనప్పుడు టికెట్టు ఉంటే ఏం, ఊడితే ఏమండీ?" అన్నాను.

మా అమ్మాయి అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం, కాలేజీ పర్చూరులో. కొన్నాళ్లు వాళ్ల నాన్న బండి మీద దింపొచ్చారు. ఒకరోజు నీళ్లు నిండిన గుంత కనపడక పడి కాలు విరగ్గొట్టుకున్నారు. దేవుడి దయ, ఆ రోజు పిల్ల వెనకాల లేదు. ఆటోలు చూద్దామంటే మిరపకోత మొదలైంది, ఉన్న ఆటోలన్నీ కూలీలకే చాలడం లేదు. కాలికి కట్టుతో మంచం మీద పడుకుని మా ఆయన, "ఈ ఏడాదికి మానిపిద్దాం, తర్వాత చూద్దాంలే" అన్నారు. తర్వాత చూద్దామన్న చదువులు మా ఊళ్లో ఎన్ని అటకెక్కాయో నాకు తెలుసు. వాటిలో నాది కూడా ఒకటి.

అందుకని పిల్లను ఇంట్లోనే చదువుకోమని, నేను ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. రోడ్ల ఇంజనీరు గారు నెమ్మదస్తుడు. "ఎస్టిమేటు పంపామమ్మా, నిధులు రావాలి" అన్నాడు. కాంట్రాక్టరును పట్టుకుంటే, "పాత బిల్లులే రాలేదు, కొత్త కంకర ఎవడిస్తాడక్కా?" అని తన బాధ నాకే చెప్పుకున్నాడు. డిపో మేనేజరు గారైతే, "రోడ్డు మాది కాదమ్మా. ఆ గుంతల్లో బస్సు కమాన్లు విరిగితే బాగుచేయించుకోవడానికి మా దగ్గరా డబ్బు లేదు" అన్నాడు. ఎవరి మాటలోనూ అబద్ధం లేదు, అదే వచ్చిన చిక్కు. బడ్జెట్లో రోడ్లకూ బస్సులకూ అన్ని కోట్లు, ఇన్ని కోట్లు అని టీవీలో చెబుతుంటే, ఆ కోట్లలోంచి మా గుంతకు తట్టెడు కంకర రాలదా అని టీవీనే తిట్టేదాన్ని.

ఏ పుణ్యాత్ముడు ఏ కాగితం కదిపాడోగానీ, ఫిబ్రవరిలో కంకర వచ్చింది. కొత్త రోడ్డు కాదు, గుంతలు పూడ్చి, పైన తారు పోసి, వాగు దగ్గర తూములేశారు. అదే మాకు హైవే. డిపో మేనేజరు గారు తానే ఖాళీ బస్సు తెచ్చి చూస్తానని, బాగుంటే పరీక్షల ముందే బస్సు వేస్తానని కబురు పంపాడు. ఫలానా రోజని చెప్పలేదు. నా కాళ్లు నేల మీద నిలవలేదు.

మా ఊరి ఘనకార్యం వినండి. ఆ ఏడు మాఘంలోనూ వాన పడింది, నల్లరేగడి కల్లాలు ఆరలేదు. కోసిన కాయ బూజు పడుతుందని అందరికీ దిగులు. కళ్లెదుట నల్లగా, వేడిగా కొత్త తారు. ముందు ఒకాయన ఆరబోశాడు. రెండో రోజు ఆయన పక్కన ఇంకొకాయన. వారం తిరిగేసరికి ఊరి మొగలోంచి వాగు దాకా రోడ్డంతా ఎర్రగా మిరపకాయలే. అందులో మావీ ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే ఒక మధ్యాహ్నం బస్సు వచ్చింది. మేనేజరు గారు దిగి చూసి, తుమ్మి, నిర్ఘాంతపోయాడు.

"ఇది రోడ్డా, కల్లమా?" అన్నాడు.

"ఒక్క పక్క తీసేస్తామండి, ఎంతసేపు!" అన్నారు మావాళ్లు.

"సరే, తీయండి. గంట చూస్తా. వెనక్కెళ్లానంటే మళ్లీ ఎప్పుడొస్తానో నాకే తెలియదు."

తీస్తే బాగుండేది. తగువు మొదలైంది. "ఒరేయ్, నీ తెల్లబడ్డ తాలుకాయ నా కాయలో కలిస్తే ఊరుకోను," "ముందు నీది తియ్యరా." ఎవడి కుప్ప దగ్గర వాడు కాపలా నిలబడ్డాడు. నేను అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను. మేనేజరు గారు వాచీ చూసుకుంటున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

రోడ్డు పక్క చేలో కాయ కోస్తున్న ఆడకూలీలు ఇదంతా చూస్తున్నారు. పొదిలి వైపు నుంచి కోతలకు వచ్చినవాళ్లు. వాళ్ల మేస్త్రీ, నా ఈడు మనిషి, తలగుడ్డ బిగించి రోడ్డెక్కింది.

"ఏందయ్యా మీ గోల! ఎవురి కాయ వాళ్లకే కుప్పేస్తాం, జరగండి" అంది.

ఆమె వెనకే అందరూ వచ్చారు. గోనెపట్టాలు పట్టి, చేతులతో నెట్టి, ఎవరి కాయను వాళ్ల వైపే కుప్పపోశారు. ఘాటుకు దగ్గుతున్నా చెయ్యి ఆపలేదు. కిలోల లెక్కన కోసేవాళ్లు, ఆ పూట కూలి పోయినట్టే. ఇంకా గంట కాకముందే బస్సు ఆ ఎర్ర కుప్పల పక్క నుంచి ఊళ్లోకొచ్చి నిలబడింది. మేనేజరు గారు, "సోమవారం నుంచి పంపిస్తానమ్మా" అన్నాడు. ఆయనకు అక్కడే దణ్ణం పెట్టాను.

సాయంత్రం మజ్జిగ తీసుకుని వాళ్ల గుడిసెల దగ్గరికి వెళ్లాను. "మీకేం పనక్కా ఈ బస్సుతో? ఎందుకింత కష్టపడ్డారు?" అని అడిగాను.

"మా ఊరికీ ఇట్టనే ఆపేశారమ్మా. రోడ్డు బాగైనాక ఏస్తామన్నారు. అది బాగయ్యేదెప్పుడు? మా పిల్ల తొమ్మిదితో మానేసింది. అదిగో" అని చూపించింది. నా కూతురికంటే చిన్నది, పొయ్యి దగ్గర కూర్చుని మంట ఎగదోస్తోంది. ఆమె చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాను.

పరీక్షలన్నాళ్లూ మా అమ్మాయి బస్సులోనే వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు చేలోంచి వాళ్లు, "ఎట్టా రాశావు బిడ్డా?" అని కేకేసేవాళ్లు. ఇది గట్టున నిలబడి సమాధానం చెప్పి గానీ ఇంటికొచ్చేది కాదు. ఫలితాలొచ్చేసరికి కోతలైపోయి వాళ్లు ఊరెళ్లిపోయారు. చుట్టాలెవరికీ చెప్పకముందే ఆ మేస్త్రీకి ఫోన్ చేశాను.

"అక్కా, మన పిల్ల పాసైంది!"

అవతల ఒక్క కేక వినిపించింది.

"మీ బస్సు ఇంకా వస్తందా అమ్మా?" అని అడిగింది.

"వస్తోందక్కా."

"అయితే పైకి చదివించు. మానిపించబాక" అంది.