మొద్దుకు రాసిన లావెండర్

మొగుణ్ని చంపకుండా ఉండటానికే ఆవిడ లావెండర్ నూనె రాసుకోవడం మొదలుపెట్టింది. జుట్టు కోసం కాదు, ఒంటి నిగారింపు కోసం అసలే కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు సుఖం. లేకపోతే సుగంధ తైలాల పేరు వినగానే ఇదెవరో సుకుమారి కథ అనుకుంటారు. సుకుమారానికీ ఆవిడకీ ఏనాడూ ముఖపరిచయం లేదు.

ఆవిడది మాంసం దుకాణం. వీధిలో అందరూ పెద్దకత్తి అంటారు, వెనకాల మాత్రమే. వేలాడదీసిన పొట్టేలును కొక్కెం మీంచి ఒంటిచేత్తో దించి మొద్దు మీద పడేస్తుంది. ఆ మొద్దు ఆవిడ తండ్రిది, దుకాణమూ ఆయనదే. నడుమెత్తు ఉంటుంది, ఏళ్ల తరబడి దెబ్బలు తిని నడిమధ్య పళ్లెంలా లొత్తపడింది. గౌను వేసుకునే వయసులోనే ఆయన కూతుర్ని ముక్కాలిపీట ఎక్కించి చేతికి కత్తిచ్చాడు. "ఎముక మీద కొట్టకు తల్లీ, కీలు వెతుక్కో. కీలు దొరికిందంటే బలంతో పనేముంది?" అనేవాడు. ఆవిడకు కీలు దొరకని జంతువు ఇంతవరకూ ఆ మొద్దు ఎక్కలేదు.

మొగుడు ఆ దుకాణంలోకి పనివాడిగా వచ్చాడు. కత్తి పట్టుకుంటే ముక్కల కంటే ముందు వేళ్లు తెగేలా ఉన్నాడని ముసలాయన రెండో రోజే కత్తి లాక్కుని, గల్లా దగ్గర నిలబెట్టాడు. అక్కడ మాత్రం మొనగాడే. అరకిలోకి వచ్చినవాళ్లను నవ్వించి నవ్వించి కిలో కట్టించి పంపేవాడు. నోరున్నవాడు, దుకాణం నిలబెడతాడు అనుకుని ముసలాయన పిల్లనిచ్చాడు. నోరు చూశాడు గానీ చెయ్యి చూసుకోలేదు పాపం.

ముసలాయన పోయిన నెలలోనే ఆ చెయ్యి బయటపడింది. మొద్దు పక్కన మేకుకు కత్తులు నూరే ఇనుప కడ్డీ వేలాడుతుంటుంది. దాంతో కొట్టేవాడు. గిరాకీ తగ్గితే కొట్టాడు, పెరిగి అలసిపోతే కొట్టాడు, ఎవరితోనో నవ్విందని కొట్టాడు, ముఖం ముడుచుకుందని కొట్టాడు. ఎంత ఒళ్లు తెలియని కోపంలోనూ ముఖం మీద కొట్టేవాడు కాదు, చేతుల మీద అసలే కొట్టేవాడు కాదు. ముఖం కమిలితే కొనేవాళ్లు చూస్తారు, చేతులు పోతే ముక్కలెవరు కొడతారు? వీపు, నడుము, పిక్కలు, అంతా బట్టల కింద దాగే చోట్లే. ఆ లెక్క తెలిసినవాడి కోపాన్ని కోపమంటారేమిటి? నాకైతే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒకసారి పిక్క మీద పడిన దెబ్బకు కాలు వాచి, లోపల రక్తం గడ్డకట్టి, ఆవిడ ఆసుపత్రిలో పడింది. మెట్ల మీంచి జారానని చెప్పింది. నమ్మినట్టు తలలూపారు వాళ్లు. ఇన్నేళ్లు ఎందుకు పడి ఉందని మీరు అడుగుతారు. గోడకు అవతల చెప్పుల దుకాణంవాడు ఆ చప్పుడంతా విని రేడియో గొంతు పెంచుకున్నాడే, ముందు వాణ్ని అడగండి.

యాభై దగ్గరపడుతుండగా ఆవిడకు నెలసరి గతి తప్పింది, తరవాత ఆగిపోయింది. పీడ వదిలిందనుకుంది. ఎక్కడ? పొట్టలో ఎవరో పొయ్యి రాజేసినట్టు వేడి పుట్టి, గుండెల మీదుగా మెడకెక్కి, చెవుల్లోంచి ఆవిర్లు కక్కేది. ముక్కలు కొడుతుంటేనే చెమట ధారకట్టి కళ్లలో పడేది. చేతిలో ఉన్నది అక్కడే వదిలేసి ఐసుగదిలోకి దూరి, వేలాడే పొట్టేళ్ల మధ్య వాటిలో ఒకదానిలా కదలకుండా నిలబడేది. నిద్ర అన్నది లేదు. దుప్పటి తన్నేయడం, కప్పుకోవడం, తడిసిన జాకెట్టు మార్చుకోవడం, అంతలో తెల్లారడం.

ఆ వేడితోపాటే కోపం వచ్చింది. మునుపు దెబ్బ తిన్నప్పుడు కూడా ఎరగని కోపం. ఒక లాయరు భార్య వచ్చి, "ఇదేంటమ్మా, ముక్కలు ఇంత లావుగా కొట్టావు?" అంది. అంతే. పెద్దకత్తి చేతిలోని కత్తి గాల్లో లేచి, ఆ మహాతల్లి చెవి పక్కగా పోయి తలుపు చట్రంలో దిగబడి ఊగింది. లాయరు భార్య సంచీ అక్కడే పడేసి కాలికి బుద్ధి చెప్పింది. కత్తి ఎందుకు విసిరిందో, చెవికి ఎందుకు తగల్లేదో పెద్దకత్తికే తెలియదు. గురి చూసి విసిరింది కాదు, చెయ్యి దానంతటది విసిరింది. ఆవిణ్ని భయపెట్టింది ఆ సంగతే. కొనేవాళ్ల ముందు పరువు తీసిందని ఆ సాయంత్రం మొగుడు కడ్డీ అందుకున్నాడు.

అసలు భయం ఆ తరవాత వారంలో పుట్టింది. మధ్యాహ్నం దుకాణం మూసి, భోజనం చేసి, మొగుడు వెనకగదిలో కుర్చీలో తల వెనక్కి వాల్చి గురక పెడుతున్నాడు. ఆవిడ ఎముకల మీంచి మాంసం ఒలుస్తోంది. వేడి లేచింది. మళ్లీ తెలివి వచ్చేసరికి ఆవిడ కుర్చీ పక్కన నిలబడి ఉంది. ఒలుపుకత్తి చేతిలోనే ఉంది, మొన అతని మెడకు బెత్తెడు దూరంలో ఉంది. టపటప కొట్టుకునే నరాన్ని ఆవిడ కళ్లు చూస్తున్నాయి, మొద్దు మీద చూసినట్టే, ఎక్కడ పెట్టాలా అని. ఐసుగదిలోకి పరిగెత్తి, లోపలినుంచి గడియ వేసుకుని, గోడలు దద్దరిల్లేలా అరిచింది. ఆ గది గోడలు మందం, అరుపు అక్కడే ఉండిపోయింది.

ఆ మాట ఆవిడ ఒక్కరికే చెప్పింది. ఆ ఒక్కరూ మొగుడి చెల్లెలే. నలభై దాటినా వీధికి ఆమె సెంటుపిల్లే. బ్యూటీ పార్లర్‌లో మర్దనాలు చేస్తుంది, ఆమె కంటే ముందు ఆమె వాసన వస్తుంది.

"మీ అన్నయ్యను చంపబోయాను అమ్మడూ."

సెంటుపిల్ల కాఫీ కప్పు కింద పెట్టింది. "మరి ఎందుకు ఆగావు వదినా?"

నవ్వుతోందేమోనని పెద్దకత్తి తేరిపార చూసింది. నవ్వడం లేదు.

"నాకు చంపాలని లేదే. చేతికి ఉంది. ఒంట్లో మంట లేస్తే చెయ్యి నా మాట వినట్లేదు. ఏదో ఒకరోజు అయిపోతుంది. ఆ తరవాత నన్ను తీసుకెళ్లి జైల్లో పెడతారు. మా నాన్న మొద్దుకు ఎవడో తాళమేస్తాడు."

సెంటుపిల్ల ఆవిణ్ని డాక్టరమ్మ దగ్గరకు లాక్కెళ్లింది. ఇది ఈ వయసులో వచ్చేదే అంది డాక్టరమ్మ. కాల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంది కాబట్టి హార్మోను మాత్రలు తను ఇవ్వనంది. వేరే మందేదో రాసి, సాయంత్రాలు నడవమని చెప్పింది. తైలాల మాట సెంటుపిల్ల ఎత్తితే, "హాయిగా ఉంటే వాడుకోండి. తాగొద్దు, నేరుగా ఒంటికి రాయొద్దు," అంది.

అలా మొదలైంది. దిండు మీద లావెండర్, మెడ వెనక పుదీనా తైలం, ఇంకా నోరు తిరగని పేర్లవి రెండు మూడు. వారానికోసారి సెంటుపిల్ల పార్లర్ వెనకగదిలో వదినను బోర్లా పడుకోబెట్టి వీపంతా మర్దనా చేసేది. మొదటిసారి ఆ వేళ్లు నడుము దగ్గర ఆగిపోయాయి. కడ్డీ వాతలు ఒకదాని మీద ఒకటి, పాతవి తెల్లగా, కొత్తవి నల్లగా.

"మా అమ్మ వీపు ఇలాగే ఉండేది," అంది సెంటుపిల్ల. "నాన్న కొడుతుంటే అన్నయ్య నాతోపాటు మంచం కింద దాక్కుని ఏడ్చేవాడు, దొంగవెధవ." అన్ని వాసనల మధ్య ఇద్దరూ కాసేపు ఏడ్చారు.

నూనెల గుణమో, ఆడపడుచు వేళ్ల గుణమో, మందుదో, నడకదో, నన్నడిగితే ఏం చెప్పను? వేడి తగ్గింది. వచ్చినా తలుపు తట్టి పోయేది గానీ లోపలికొచ్చి కూర్చునేది కాదు. నిద్ర పట్టింది. ఇక భయం లేదు, వాడు బతికిపోయాడు, నేనూ బతికిపోయాను అనుకుంది పెద్దకత్తి.

ఇక ఆవిడ చేసిన తప్పు చెబుతాను. మాంసం కొట్టేవాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు. తైలాన్ని వాసన లేని మామూలు నూనెలో కలిపి రాసుకోవాలని సెంటుపిల్ల చెప్పి ఉంది. పెద్దకత్తికి తెలిసిన వాసన లేని నూనె ఒకటే, మొద్దుకు రాసే నూనె. కొయ్య పగలకుండా వారానికోసారి మొద్దును గీకి, ఉప్పుతో రుద్ది, ఆ నూనె పట్టిస్తారు. చుక్కలు లెక్కపెట్టే ఓపిక లేక ఆవిడ సీసాలకు సీసాలే ఆ నూనె డబ్బాలో ఒంపేసి, వేడి లేచినప్పుడు అందుబాటులో ఉంటుందని ఐసుగది అరలో పెట్టుకుంది. మొద్దుకు కావలసినప్పుడు కొత్త డబ్బా తెరుద్దాంలే అనుకుంది. మొద్దు పని ఎప్పుడూ తనదే కదా.

ఒక సెలవురోజు మాత్రం ఆవిడ లేవలేదు. ఏళ్ల తరబడి రాని నిద్ర ఒక్కసారే వచ్చి మీద పడినట్టు మధ్యాహ్నం దాకా పడుకుంది. మొగుడు తిట్టుకుంటూ తనే మొద్దు గీకాడు, ఐసుగదిలో కనబడ్డ డబ్బా తెచ్చి, లొత్తలో గుమ్మరించి పట్టించాడు. సిగరెట్లతో ముక్కు చచ్చినవాడు, వాడికేం తెలుస్తుంది? మర్నాడు ఆవిడకూ తెలియలేదు, తన ఒళ్లే ఆ వాసన కదా.

పదిగంటలకల్లా దుకాణం ముందు జాతర. "ఇది మాంసమా తల్లీ, సబ్బా?" అని ఒకావిడ పొట్లం విసిరికొట్టింది. లాయరు భార్య మెట్టు ఎక్కకుండానే, "బ్యూటీ పార్లర్‌లా ఉందేంటమ్మా!" అని అరిచి పోయింది. హోటలు వంటవాడైతే తొడ మొత్తం తెచ్చి గల్లా మీద పడేశాడు. "దీన్ని వండాలా, దిండు కింద పెట్టుకోవాలా?" వీధంతా పగలబడి నవ్వింది. నవ్వించడమే తప్ప నవ్వులపాలు కావడం ఎరగనివాడు గల్లా వెనక నిలబడి ముఖం కందగడ్డలా చేసుకున్నాడు.

అందరూ వెళ్లాక షట్టరు దించాడు. డబ్బా మూత తీసి చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, అప్పటికి అర్థమైంది.

"నా దుకాణాన్ని పడకటిల్లు చేశావు కదే, ముసలిముండా! ఈ వయసులో ఎవడి కోసమే ఈ సెంట్లు?"

ఆవిడ ఎడమచెయ్యి మొద్దు మీద ఆనించి ఉంది, కుడిచేత్తో కత్తి తుడుస్తోంది. "నీ దుకాణం కాదయ్యా," అంది మెల్లగా. "మా నాన్నది."

కడ్డీ లేచింది. ఈసారి వీపు మీద పడలేదు. ఇన్నేళ్ల లెక్క మరిచిపోయి, మొద్దు మీదున్న ఆవిడ చెయ్యి మీద దించాడు. రెండు వేళ్లు పుటుక్కుమన్నాయి. ఆ చప్పుడు ఏమిటో ఆవిడకు బాగా తెలుసు.

వేడి లేస్తుందని ఎదురుచూసింది. దేవుడా, ఇప్పుడు లేస్తుంది, అయిపోతుంది అనుకుంది. లేవలేదు. ఒళ్లంతా ఐసుగదిలా ఉంది. కళ్లు మసకబారలేదు, చెయ్యి దానంతటది లేవలేదు. కోపం మాత్రం అక్కడే ఉంది, కదలకుండా, స్పష్టంగా. మంటతో వచ్చిందనుకున్నది మంటతో పోలేదు. అది తనదే. కడ్డీ మొదటిసారి తగిలిన రోజునుంచీ తనదే.

రెండోసారి కొట్టడానికి అతను కడ్డీ ఎత్తబోయాడు. ఎత్తనిస్తేగా? విరిగిన చేతి మోచేత్తో అతని ముంజేతిని మొద్దు మీద అదిమిపట్టింది, పొట్టేలు తొడను అదిమినట్టే. కడ్డీ జారి కిందపడింది. అతను గింజుకున్నాడు, బూతులు తిట్టాడు, ఆవిడ ముఖం చూసి నోరు మూశాడు. ఆవిడ అతని చేతిని చూస్తోంది, ఎక్కడ కొట్టాలో వెతుక్కుంటోంది.

"వద్దే," అన్నాడు. "వద్దమ్మా."

కత్తి ఒక్కసారే దిగింది. చిటికెనవేలు నడిమి కీలు దగ్గర, ఎముక చిట్లకుండా తెగి, లావెండర్ నూనె ఇంకిన లొత్తలోకి దొర్లింది. అతని కేకకు గోడ అవతల రేడియో ఆగిపోయింది. నెత్తురు చూరు దాకా చిమ్మింది. ఆవిడ ఎప్రన్‌తో అతని చేతిని బిగించి కట్టింది, వేలును ప్లాస్టిక్ సంచీలో వేసి, దాన్ని ఐసు నింపిన ఇంకో సంచీలో పెట్టి చేతికిచ్చింది.

"వెంటనే వెళితే కుడతారు. ఇటు మళ్లీ రాకు," అంది, షట్టరు ఎత్తుతూ.

కుట్టారు గానీ, ఆ వేలు ఇక వంగదట. పుట్టి బుద్ధెరిగి ముక్క కొట్టనివాడు, ముక్కలు కొడుతుంటే కత్తి జారిందని ఆసుపత్రిలో చెప్పుకున్నాడు. నమ్మినట్టు తలలూపారు వాళ్లు. బట్టలకని ఒకసారి వీధి మలుపు దాకా వచ్చాడు, చెల్లెలే సంచీ తీసుకెళ్లి మొహాన కొట్టి వచ్చింది.

మొద్దును ఎన్నిసార్లు గీకినా, ఎంత ఉప్పు పోసి రుద్దినా ఆ వాసన పూర్తిగా పోలేదు. పోయిన గిరాకీలో సగం తిరిగి వచ్చింది, మిగతాది వస్తుందిలే. చేతికి పిండికట్టుతో ఉన్న వదిన మెడకు సెంటుపిల్ల తైలం రాస్తూ ఒకరోజు అడిగింది.

"ఇంతకీ నా నూనె పనిచేసినట్టా, లేనట్టా వదినా?"

పెద్దకత్తి కళ్లు మూసుకునే ఉంది.

"పనిచేసింది అమ్మడూ," అంది. "ఒక్క వేలితో ఆగాను."