దురద పొట్లం మీద పడ్డ నింద

చైనా మందుల కొట్టు ఆకులు పైడమ్మ ప్రాణం తియ్యబోయాయని, ఫార్మసిస్టునైన నేను కాపాడానని మావాళ్లు ఇప్పటికీ చెబుతారు. రెండూ తప్పే. ఆ ఉద్యోగం వదిలేశాను గానీ ఈ వాదన వదల్లేను.

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన ఏడాది నన్ను మలేషియాలో హుటాన్ మెలింటాంగ్ అనే ఊరికి బస్సు దూరంలో ఉన్న ఒక చిన్న క్లినిక్‌కి వేశారు. పైడమ్మ రొయ్యలు ఒలిచే మనిషి. రెండు చేతులూ దురదతో పుళ్లు పడ్డాయి. మేమిచ్చిన పూతమందుతో విసిగి సిన్సే, అంటే చైనా వైద్యుడి దగ్గర మూలికల పొట్లాలు తెచ్చుకుంది. మూడో రోజు వాంతులతో మా దగ్గరికొచ్చింది.

మందు వికటిస్తే పైకి నివేదిక పంపాలి. కొత్తగా వచ్చిన డాక్టరు 'కారణం' గడిలో చైనా మూలికలని రాసేసి నా సంతకానికి పంపాడు. పైడమ్మ కోడలు శాంతి విడిగా ఫిర్యాదు కూడా రాసుకొచ్చింది. అవి రెండూ వెళితే ముసలి సిన్సే కొట్టు మూతపడ్డట్టే. నేను సంతకం పెట్టలేదు. ఏ మందు, ఎంత, ఎన్ని పూటలు, ఏ దారిన లోపలికి పోయింది: ఈ నాలుగు గడులూ నిండాలి. నాలుగోది ఖాళీ.

పైడమ్మనే అడిగాను.

"మరిగించినాను, తాగినాను. కషాయం తాగక ఏటి సేస్తారు?" అంది.

"అంత చేదు ఎలా మింగావమ్మా?"

"సేదుంటేనే మందు లా. నీ పూతమందు ఏటి సేసినాది?" అంది, అక్కడి అందరిలాగే మాట చివర 'లా' తగిలిస్తూ.

కొట్టుకి వెళ్లాను. అవి చేతులు ముంచుకోడానికని సిన్సే మలయ్‌లో చెప్పాడు. ఎర్ర దారం కడితే కడుక్కోడానికి, తెల్ల దారమైతే తాగడానికి, ఊరందరికీ తెలిసిందేనట. ఊరందరూ అంటే మీవాళ్లేనా అన్నాను. నువ్వు మందులిచ్చేదానివా, లాయరువా అన్నాడు. మర్నాటి నుంచి మాత్రం కడుక్కునే పొట్లాల మీద బేసిన్ బొమ్మ గీశాడు.

కడుక్కునే మందు తాగడం వల్ల అని నివేదిక తిరగరాయించి సంతకం పెట్టాను. శాంతి గొణుగుతూనే ఫిర్యాదు చించేసింది. పైడమ్మ కోలుకుంది. తర్వాత దురద కూడా తగ్గింది. అది సిన్సే ఆకుల గొప్పో, మా పూతమందు గొప్పో, కొత్తగా తొడుక్కున్న గ్లౌజుల గొప్పో నేను తేల్చి చెప్పను.

ఏం వాడారని అడిగేముందు ఎలా వాడారని అడగాలి. నేర్చుకున్నది అంతే.

ఒక్కటి మాత్రం తేలలేదు. మా క్లినిక్‌లోనూ పుళ్లు కడుక్కునే మందు, దగ్గుమందు ఒకే రకం సీసాల్లో ఇచ్చేవాళ్లం, చీటీ మలయ్‌లో అంటించి. పైడమ్మకి చదువు రాదు. ఆవిడ మా సీసా తాగి ఉంటే, 'కారణం' గడిలో ఆ డాక్టరు ఎవరి పేరు రాసేవాడు?